గూంగా బోర్డు

పదిహేడో రోజా నాడు జొహర్ నమాజుకి వజూ చేసుకుంటుంటే కొరియర్ అబ్బాయి తలుపు కొట్టాడు. తడి చేతులతోనే సంతకం పెట్టాను. పార్సిల్ చూసి మా ఫుప్పు "ఈద్ బట్టలా?" అంది. ఫుప్పు అంటే అబ్బాకి ఆపా, నాకు మేనత్త, ఇప్పుడు అత్త కూడా. మన ఖాందాన్లలో ఇది మామూలే కదా. విప్పి చూస్తే అట్టపెట్టెలో స్పాంజి, ఆ స్పాంజి మధ్యలో ఏటీఎం కార్డంత నల్ల బోర్డు. ఫుప్పు దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"దీనికి తెర లేదు, స్పీకర్ లేదు. గూంగాదా ఇది?" అంది.

బోర్డుతో పాటు ఒక కాగితం ఉంది. బెంగళూరులో ఒక చిన్న కంపెనీ పంపింది. ఇంటి నుంచే చేసే నౌకరీ. కాగితంలో రాసింది నాలుగు లైన్లే. ఈ బోర్డు బూట్ కావడం లేదు. ఎందుకో కనుక్కోండి. రెడీమేడ్ ఇమేజ్ వాడకుండా మీరే సాఫ్ట్‌వేర్ తయారు చేసుకుని దీన్ని లేపండి. కరెంటు ఇచ్చిన క్షణం నుంచి లాగిన్ అడిగేదాకా బోర్డు ఏమేం చెప్పిందో ఆ లాగ్ మొత్తం ఏడు రోజుల్లో మాకు పంపండి.

నేను ఈసీఈ చదివాను. పెళ్లికి ముందు, పెళ్లయ్యాక కొన్నాళ్లు ఇలాంటి బోర్డుల మీదే పనిచేశాను. చిన్నోడు పుట్టాక మానేశాను. తొమ్మిదేళ్లయింది. ఈ ఏడాది మళ్లీ దరఖాస్తులు పెట్టడం మొదలుపెడితే మొదటి ఇంటర్వ్యూలో ఆయన "ఈ తొమ్మిదేళ్లు ఏం చేశారు?" అనడిగాడు. ఇద్దరు పిల్లలు, మా ఫుప్పు మోకాలి ఆపరేషన్, మామయ్య ఇంతెఖాల్, ఇవన్నీ ఏ కాలమ్‌లో రాయాలో నాకూ తెలియదు, ఆయనకీ తెలియదు. రెండో చోట కెమెరాలో నా తలమీద దుపట్టా చూసి "మీ ఇంట్లో ఒప్పుకుంటారా?" అన్నారు. ఆ ప్రశ్న ఎంత మర్యాదగా అడిగారంటే, కోపం రావడానికి నాకు రెండు రోజులు పట్టింది. మూడోది ఈ కంపెనీ. వీళ్లు ప్రశ్నలేమీ అడగలేదు. బోర్డు పంపారు.

అందుకే ఆ గూంగా బోర్డు మీద నాకు అంత మొహబ్బత్ పుట్టింది.

దాని పేరు బీగల్‌బోన్ బ్లాక్. 2013లో వచ్చింది. ఒక గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, బోర్డు మీదే అతికించిన 4 జీబీ ఈఎంఎంసీ మెమరీ. ఇప్పటి ఫోన్ల ముందు పాపం ముసలిదే. కానీ నేర్చుకునేవాళ్లకి, నేర్చుకున్నది మర్చిపోయినవాళ్లకి దీన్ని మించిన ఉస్తాద్ దొరకదు. దీని నక్షా అంతా, ఏ తీగ ఎక్కడికి పోతుందో సహా, ఎవరైనా చూసుకునేలా బయటపెట్టారు.

ఆ రాత్రి తరావీహ్ అయ్యాక పిల్లల్ని పడుకోబెట్టి, వంటింట్లో కింద దస్తర్‌ఖాన్ పరిచి దాని మీద లాప్‌టాప్ పెట్టుకున్నాను. బోర్డుకి మినీ యూఎస్‌బీ కేబుల్ గుచ్చాను. నీలం లైటు ఒకటి వెలిగింది. కరెంటు అందిందని దాని అర్థం, అంతే. పక్కన ఇంకో నాలుగు లైట్లుంటాయి. బాగున్న బోర్డయితే అవి మిణుకుమంటాయి. ఇక్కడ నాలుగూ ఖామోష్. లాప్‌టాప్‌లో కొత్త సీరియల్ పోర్ట్ వచ్చిందేమోనని వెతికాను. ఏమీ లేదు.

ఇక్కడే చాలామంది హైరానా పడి బోర్డు పోయిందనుకుంటారు. నిజానికి ఆ మినీ యూఎస్‌బీలోంచి కనిపించే సీరియల్ పోర్ట్ ఉందే, దాన్ని తయారు చేసేది బోర్డు లోపలి లైనక్సే. అంటే బోర్డు పూర్తిగా మేల్కొన్నాకే ఆ దర్వాజా తెరుచుకుంటుంది. మేల్కోలేని బోర్డు ఆ దారిలో ఎలా మాట్లాడుతుంది? నిద్రలో అది ఏం గొణుగుతోందో వినాలంటే ఇంకో దారి ఉంది. బోర్డు మీద ఒక అంచు దగ్గర వరసగా ఆరు పిన్నులుంటాయి, జె1 అంటారు. ఒకటో పిన్ను దగ్గర చిన్న చుక్క ఉంటుంది. ఆరింటిలో మనకి కావాల్సినవి మూడే. ఒకటోది గ్రౌండ్, నాలుగోది బోర్డు వినేది, అయిదోది బోర్డు మాట్లాడేది. ప్రాసెసర్‌కి ప్రాణం రాగానే మొట్టమొదటి మాట ఈ అయిదో పిన్ను మీదే వస్తుంది. దాన్ని లాప్‌టాప్‌కి చేర్చడానికి యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ కావాలి. నా దగ్గర ఉండేది ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది.

కొత్తది ఆర్డర్ పెట్టాను. రావడానికి రెండు రోజులు. ఏడింటిలో రెండు పోయినట్టే. ఆ రెండు రోజులూ ఊరికే కూర్చోకుండా బిల్డ్‌రూట్ పెట్టి బూట్‌లోడర్, కెర్నెల్, చిన్న రూట్ ఫైల్ సిస్టమ్ కంపైల్ చేశాను. నా లాప్‌టాప్ ముసలిది. ఫ్యాన్ మోత వంటింట్లోంచి హాల్లోకి వినిపించింది. సెహ్రీకి లేచిన మా ఆయన "మిక్సీ వేశావా?" అన్నారు. ఆయనది చెప్పుల దుకాణం. రంజాన్ నెల ఆయనకి సీజన్, రాత్రి పన్నెండుకి గానీ రారు. నా మీద నమ్మకం లేదని కాదు, ఆశ పెట్టుకుంటే నేనెక్కడ బాధపడతానోనని ఆయన భయం. "రాకపోతే రాకపోయింది, దిల్ ఛోటా చేసుకోకు" అంటుంటారు. ఆ మాట మంచిదే. కానీ పని మొదలుపెట్టకముందే అంటుంటే చిరాకేస్తుంది.

పంతొమ్మిదో రోజా నాడు అడాప్టర్ వచ్చింది. వేలెడంత ముక్క, సీహెచ్340 చిప్‌ది. లాప్‌టాప్‌కి గుచ్చాను. లైటు వెలిగింది. పోర్ట్ ఒక్క క్షణం కనిపించి మాయమైంది. తీసి మళ్లీ గుచ్చాను, మళ్లీ అంతే. కేబుల్ మార్చాను, యూఎస్‌బీ పోర్ట్ మార్చాను. అర్ధరాత్రి దాటింది. కడుపులో ఒకటే గాబరా. తొమ్మిదేళ్లలో నాకు చేతులే మర్చిపోయాయా?

తర్వాత కెర్నెల్ సందేశాలు చదివితే అసలు సంగతి బయటపడింది. ఉబుంటు 22.04లో బీఆర్ఎల్‌టీటీవై అని ఒక సాఫ్ట్‌వేర్ ముందే ఉంటుంది. నాబీనా వాళ్లు వేళ్లతో తడిమి చదివే బ్రెయిలీ యంత్రాలుంటాయే, వాటి కోసం. కొన్ని బ్రెయిలీ యంత్రాలకీ ఈ సీహెచ్340 చిప్‌కీ గుర్తింపు నంబరు ఒకటే. అందుకని నా అడాప్టర్‌ని బ్రెయిలీ యంత్రం అనుకుని ఆ సాఫ్ట్‌వేర్ లాగేసుకుంటోంది. మా మొహల్లా మదరసాలో పిల్లలకి చదువు చెప్పే నాబీనా హాఫిజ్ సాబ్ గుర్తొచ్చారు. ఎవరికో కళ్లలాంటి సామానుని తీసేస్తున్నానే అని ఒక్క క్షణం చెయ్యి ఆగింది. మా ఇంట్లో దాని జరూరత్ లేదు కదా అని నాకు నేనే చెప్పుకుని తీసేశాను. పోర్ట్ వచ్చి కుదురుగా కూర్చుంది. తెరవబోతే పర్మిషన్ లేదంది. నా పేరుని డయలవుట్ అనే గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ రావాలి. ఈ రెండో సంగతి మాత్రం నా చేతులకి గుర్తుంది.

అయినా బోర్డుకి తీగలు పెట్టలేదు. అడాప్టర్ మీద చిన్న జంపర్ ఉంది, ఒకవైపు 5, ఇంకోవైపు 3.3. జంపర్ 5 దగ్గర ఉంది. బీగల్‌బోన్ కాగితాల్లో ఆ పిన్నులకి 3.3 వోల్టులే ఇవ్వాలని రాసి ఉంటుంది. ఎక్కువిస్తే నిజంగా కాలుతుందా, తట్టుకుంటుందా అని చూసే ధైర్యం నాకు లేదు. బోర్డు నాది కాదు, రెండోది లేదు. జంపర్ మార్చవచ్చు, కానీ మార్చాక నిజంగానే 3.3 వస్తోందని ఎవరు చెప్తారు? కొలవాలి. మీటరు ఎవరి దగ్గరుంటుందో నాకు తెలుసు.

ఇరవయ్యో రోజా నాడు అబ్బాని ఇఫ్తార్‌కి పిలిచాను. "వచ్చేటప్పుడు మీటరు తెండి అబ్బా" అన్నాను. అవతల రెండు క్షణాలు మాట లేదు. "కిస్‌కో?" అన్నారు. "నాకే" అన్నాను.

అబ్బాకి గుంటూరు లాలాపేటలో రేడియో, టీవీ రిపేరు దుకాణం ఉండేది. బడి వదలగానే నేను ఇంటికి కాకుండా అక్కడికే పోయేదాన్ని. టంకం పొగ వాసన అంటే ఇప్పటికీ నాకు అత్తరు కంటే ఇష్టం. రేడియో ఎవరు తెచ్చినా అబ్బా ముందు మూత తీసేవారు కాదు. ఆన్ చేసి చెవి దగ్గర పెట్టుకునేవారు. హమ్ వస్తోందా, గరగర వస్తోందా, అసలేమీ లేదా. ఆ మూడింటికీ మూడు వేరే రోగాలు. టీవీలు పలచబడి గోడకెక్కాక, చెడిపోతే పారేసి కొత్తది కొనే రోజులు వచ్చాక దుకాణం మూసేశారు. ఇప్పుడు చేతుల్లో సన్నగా వణుకు. మీటరు మాత్రం అమ్మలేదు.

ఖర్జూరంతో రోజా విప్పి, మగ్రిబ్ చదివి, హలీం తిన్నాక అబ్బా దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని అడాప్టర్ చేతిలోకి తీసుకున్నారు. ప్రోబులు నేను పట్టుకున్నాను, చూడటం ఆయన వంతు. గ్రౌండ్‌కీ, అడాప్టర్ మాట్లాడే టీఎక్స్ పిన్నుకీ మధ్య మీటరు 4.8 చూపించింది.

"ఏమీ మాట్లాడటం లేదుగా, మరి వోల్టేజ్ ఎందుకుంది?" అన్నారు.

సీరియల్ తీగ పద్ధతి అది. మాట లేనప్పుడు తీగ సున్నా దగ్గర ఉండదు, పైనే ఉంటుంది. కిందికి దిగితే అక్షరం మొదలైందని అర్థం. టెలిగ్రాఫ్ రోజుల నుంచి వచ్చిన రివాజు. ఖాళీగా ఉన్నప్పుడు కూడా తీగలో కరెంటు నడుస్తుంటే, ఎక్కడైనా తెగినప్పుడు వెంటనే తెలిసేది. ఇది చెప్తే అబ్బా తల ఊపి, "అచ్ఛా, ఖామోష్‌గా ఉన్నా జిందా అని చెప్పడానికి" అన్నారు. జంపర్ మార్చి మళ్లీ కొలిచాం. 3.3. అబ్బా కళ్లద్దాలు తీసి తుడుచుకుని ఇంకోసారి చూశారు. 3.3.

ఇక మూడు తీగలు. గ్రౌండ్‌కి గ్రౌండ్. అడాప్టర్ టీఎక్స్ బోర్డు ఆర్ఎక్స్‌కి, బోర్డు టీఎక్స్ అడాప్టర్ ఆర్ఎక్స్‌కి. పేర్లు ఒకటే కదా అని టీఎక్స్‌ని టీఎక్స్‌కి కలిపితే ఇద్దరూ మాట్లాడతారు, వినేవాళ్లుండరు. మన షాదీఖానాలో ఆడవాళ్ల వైపు దావత్ చూసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. అడాప్టర్‌కి కరెంటు పిన్ను కూడా ఉంటుంది, దాన్ని ముట్టుకోలేదు. బోర్డుకి కరెంటు దాని సొంత కేబుల్లోంచే.

లాప్‌టాప్‌లో స్క్రీన్ అనే ప్రోగ్రామ్ తెరిచి, బిస్మిల్లా అని బోర్డుకి కరెంటు ఇచ్చాను.

తెర మీద పిచ్చి గుర్తులు. అబ్బా నా మొహం చూశారు. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఈ రోగం నాకు తెలుసు. వేగం చెప్పడం మర్చిపోయాను. చెప్పకపోతే స్క్రీన్ సెకనుకి 9600 బిట్లనుకుంటుంది. బోర్డు పలికేది 115200. ఒక్కో అక్షరానికి ఎనిమిది బిట్లు, ముందొకటి, వెనకొకటి, మొత్తం పది. అంటే సెకనుకి పదకొండు వేల అయిదు వందల పైచిలుకు అక్షరాలు. చదివేవాళ్ల రఫ్తార్, వినేవాళ్ల రఫ్తార్ ఒకటి కాకపోతే ఏమవుతుందో, గంటలో తరావీహ్ ముగించే హాఫిజ్ వెనక నిలబడినవాళ్లకి తెలుసు.

వేగం సరిచేసి మళ్లీ కరెంటు ఇచ్చాను. ఈసారి ఒక అక్షరం వచ్చింది.

సి.

తర్వాత ఇంకోటి. సి సి సి సి. ఒక్కొక్కటిగా, నింపాదిగా, నల్ల తెర మీద ఇంగ్లీషు అక్షరం సి వరసగా పడుతోంది.

అబ్బా ముందుకి వంగారు. "క్యా బోల్రా?"

నాకు వెంటనే జవాబు రాలేదు. మా ఆయన చదివే ఏ ఉర్దూ నావెల్లో అయినా ఇక్కడ నాయికకి అన్నీ గుర్తొచ్చేస్తాయి. నేను మాత్రం అలమరాలోంచి పాత నోట్‌బుక్కు తీసి, ఆ ప్రాసెసర్ కాగితాలు డౌన్‌లోడ్ చేసి చదివితే గానీ తేలలేదు. ప్రాసెసర్ కడుపులో ఎవరూ చెరపలేని చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది, రామ్ కాదు, రోమ్. కరెంటు రాగానే అది వంతులవారీగా తలుపులు తడుతుంది. మొదట బోర్డు మీది ఈఎంఎంసీ. అక్కడ బూట్ చేసేది ఏమీ దొరక్కపోతే ఎస్‌డీ కార్డు. అదీ లేకపోతే సీరియల్ తీగ. తీగ దగ్గరికి వచ్చాక సి అంటుంది. ఎక్స్‌మోడెమ్ అని 1977లో వార్డ్ క్రిస్టెన్సన్ అనే ఆయన ఫైళ్లు పంపుకోవడానికి రాసిన పద్ధతి ఉంది. దాని తర్వాతి రూపంలో, ఫైలు తీసుకోబోయేవాడు "నేను తయార్, పంపు" అనడానికి ఈ సి వాడతాడు.

"అబ్బా, ఇది చెడిపోలేదు. లోపల మెమరీలో బూట్ అయ్యేది ఏమీ లేదు. కార్డూ లేదు. ఈ తీగలోంచి అయినా ఏదైనా ఇవ్వమని అడుగుతోంది" అన్నాను.

అబ్బా కాసేపు ఆ సి లని చూస్తూ ఉండిపోయారు. "ఆపా, ఇధర్ ఆవో" అని ఫుప్పుని పిలిచారు. ఫుప్పు వచ్చి చూసి, "మాంగ్ రా? రంజాన్‌లో అడిగితే ఇవ్వాల్సిందే" అని మళ్లీ గిన్నెలు సర్దుకోడానికి పోయింది.

ఆ రాత్రి ఇరవై ఒకటో రాత్రి, తాఖ్ రాత్. పని చేయాలా వద్దా అని నాకే మనసు పీకింది. ఫుప్పు ఏమీ అనలేదు గానీ, నా జానమాజ్ తన జానమాజ్ పక్కన పరిచి పెట్టింది. అది చాలు అర్థం కావడానికి. బోర్డుని స్పాంజిలో పెట్టేసి సెహ్రీ దాకా తనతోనే కూర్చున్నాను. దువాలో ఏం అడిగానో రాయను. మీరే ఊహించుకోండి.

మర్నాడు నేను తయారు చేసినవన్నీ ఎస్‌డీ కార్డులో పెట్టాను. మొదటి భాగంలో ఎంఎల్‌ఓ అనే చిన్న ఫైలు, తర్వాత యూ-బూట్, కెర్నెల్, బోర్డు మీద ఏది ఎక్కడుందో చెప్పే డివైస్ ట్రీ. రెండో భాగంలో రూట్ ఫైల్ సిస్టమ్. ఇంత అంచెలంచెలుగా ఎందుకంటే, ప్రాసెసర్ లేచేసరికి దానికి తన సొంత ర్యామ్ కూడా పరాయిదే. లోపల కొంచెం చోటుంటుంది, అందులో ఎంఎల్‌ఓ మాత్రమే పడుతుంది. ఎంఎల్‌ఓ ర్యామ్‌ని లేపుతుంది, ర్యామ్‌లోకి యూ-బూట్ వస్తుంది, యూ-బూట్ కెర్నెల్‌ని తెచ్చి పగ్గాలు దాని చేతికిస్తుంది. యూ-బూట్‌ని మొదలుపెట్టి ఏళ్ల తరబడి నడిపింది జర్మనీ ఇంజనీరు వోల్ఫ్‌గాంగ్ డెంక్. మీ ఇంట్లో వైఫై రౌటర్‌లో కూడా ఆయన మెహనత్ ఉండే అవకాశం చాలా ఉంది.

ఇరవై రెండో రాత్రి, పిల్లలు పడుకున్నాక, కార్డు పెట్టి కరెంటు ఇచ్చాను. సి లు రాలేదు. వాటి బదులు యూ-బూట్ పేరు, నేను కంపైల్ చేసిన తేదీ, ర్యామ్ 512. నా కంప్యూటర్‌లో పుట్టిన మాట బోర్డు నోట్లోంచి తిరిగి వస్తుంటే ఒళ్లు ఝల్లుమంది. కెర్నెల్ లోడ్ అయింది. డివైస్ ట్రీ లోడ్ అయింది. "స్టార్టింగ్ కెర్నెల్" అని మూడు చుక్కలు పడ్డాయి.

అంతే. ఆ తర్వాత ఏమీ లేదు. నిమిషం, రెండు నిమిషాలు, అయిదు. మళ్లీ తీసి పెట్టాను. మళ్లీ ఆ మూడు చుక్కల దగ్గరే. కెర్నెల్ తప్పుగా కట్టానా? డివైస్ ట్రీ వేరే బోర్డుదా? మళ్లీ కంపైల్ అంటే మళ్లీ గంటలు. మిగిలింది ఒకటిన్నర రోజు. మా ఆయన దుకాణం మూసి వచ్చి చూసి, ఏమీ అనకుండా చాయ్ పెట్టి నా పక్కన ఉంచి పోయారు. ఆ మాట అననందుకు ఆయనకి ఇప్పుడు షుక్రియా చెప్తున్నాను. అప్పుడు చెప్పలేదు.

సెహ్రీకి ఫుప్పు లేచి లైటు వేయబోయింది. వేయకముందు చీకట్లో ఆగి "ఇది కొట్టుకుంటోందే" అంది.

చూశాను. బోర్డు మీద నాలుగు లైట్లలో ఒకటి వెలిగి ఆరుతోంది. రెండుసార్లు గబగబా, కొంచెం ఆగి మళ్లీ రెండుసార్లు. రాత్రంతా నేను తెరవైపే చూస్తూ కూర్చున్నాను. బోర్డు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ లైటుకి కెర్నెల్‌లో హార్ట్‌బీట్ అనే పేరు. లైనక్స్ నడుస్తుంటేనే అది అలా కొట్టుకుంటుంది. (లైటు నీలం రంగుది. కెర్నెల్‌లో దాని పేరు మాత్రం గ్రీన్ అని ఉంటుంది. ఎవరూ మార్చలేదు.) అంటే బోర్డు లేచింది. రాత్రంతా లేచే ఉంది. మాట్లాడుతూ కూడా ఉండాలి, నాతో కాదు.

సెహ్రీ తింటూనే బూట్ ఆర్గ్స్ లైను తీసి చూశాను. కెర్నెల్‌కి "నీ మాటలు ఈ తలుపులోంచి చెప్పు" అని రాసిచ్చే లైను అది. నేను రాసింది టీటీవై ఎస్ 2. నా పాత నోట్‌బుక్కులోంచి చూసి ఎక్కించాను. పెళ్లికి ముందు పనిచేసిన బోర్డులో కన్సోల్ మూడో పోర్ట్ మీద ఉండేది, లెక్క సున్నా నుంచి కాబట్టి 2. ఈ బోర్డులో ఆరు పిన్నులు సున్నా పోర్ట్‌వి. తొమ్మిదేళ్ల కిందటి నా చేతిరాతని నేనే ఖురాన్ మీద ఒట్టేసినంతగా నమ్మాను. అజాన్‌కి ఇంకా పదిహేను నిమిషాలుంది. 2 కొట్టేసి 0 పెట్టే వ్యవధి ఉంది గానీ, పెట్టలేదు. ఫుప్పు నా పళ్లెంలోకి పెరుగు వేసి "పహలే ఖా" అంది.

ఆ పగలంతా చేతికి పని తగలనే లేదు. చిన్నోడికి జ్వరం, దుకాణానికి మా ఆయనకి ఇఫ్తార్ పంపడం, పక్కింటి నుంచి వచ్చిన దావత్. ఇరవై మూడో రాత్రి, మళ్లీ తాఖ్ రాత్. ఫుప్పు తస్బీహ్ పట్టుకుని తనే నా దస్తర్‌ఖాన్ దగ్గరికి వచ్చి కూర్చుంది. "నేను ఇక్కడ చదువుకుంటా, నువ్వు అది చేసుకో. అయ్యాక రెండు రకాతులు" అంది.

స్క్రీన్‌లో వచ్చేదంతా ఫైల్లోకి పోయేలా పెట్టుకుని, 0 రాసి, కరెంటు ఇచ్చాను. మూడు చుక్కలు పడ్డాయి. వాటి వెనకాలే ప్రవాహంలా లైన్లు. మెమరీ ఎంత, ఏ చిప్ దొరికింది, కార్డు ఎక్కడ, నెట్‌వర్క్ ఎక్కడ. ఒక్కో లైను ముందు సెకన్లు, సెకన్ల భాగాలు. ఫుప్పు తస్బీహ్ ఆగిపోయింది.

"ఎవరు రాస్తున్నారు ఇదంతా?"

"అదే రాస్తోంది ఫుప్పు."

"నువ్వు గూంగాది అన్నావు."

"నువ్వే అన్నావు."

ఫుప్పు నవ్వింది. లైన్లు ఆగాయి. కింద ఒకే ఒక మాట, లాగిన్, పక్కన మిణుకుమనే గుర్తు. రూట్ అని కొట్టి లోపలికి పోయి, ఈఎంఎంసీలో భాగాలు చేసి, కార్డులోవన్నీ అందులోకి దించి, బూట్ ఆర్గ్స్‌లో కార్డు అన్నచోట ఈఎంఎంసీ అని మార్చి, కార్డు పీకేసి మళ్లీ కరెంటు ఇచ్చాను. సొంత మెమరీతోనే లేచింది. ఏం పోయిందో, ఎలా కనుక్కున్నానో ఒక పేజీ రాశాను. ఎస్ 2 అని రాసి ఒక రాత్రి పోగొట్టుకున్న సంగతి దాచాలా అని ఆలోచించి, అది కూడా రాసేశాను. లాగ్ జతచేసి పంపేసరికి రెండున్నర. రెండు రకాతులు అన్న ఫుప్పు గోడకి ఆనుకుని నిద్రపోయింది. నేను చదివి, తనని లేపి, సెహ్రీకి పొయ్యి వెలిగించాను.

ఈద్ అయిన మూడో రోజు వాళ్ల దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. సోమవారం వాళ్ల ఇంజనీరుతో మాట్లాడాలట, జీతం సంగతి కూడా అప్పుడేనట. బోర్డు తిరిగి పంపాలా అని అడిగితే ఉంచుకోమన్నారు. ఇన్షా అల్లాహ్, సోమవారం తర్వాత మీకు చెప్తాను.

ఈలోగా నిన్న అబ్బా వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఎవరో పారేసిన వైఫై రౌటర్. మూత అప్పటికే తీసేశారు. లోపల ఒక మూలన వరసగా నాలుగు చిన్న రంధ్రాలు. ఆయన ఇంట్లోనే మీటరు పెట్టి గ్రౌండ్ ఏదో కనుక్కుని, దాని పక్కన మార్కర్‌తో చుక్క పెట్టి తెచ్చారు.

"ఈ మిగిలిన మూడింటిలో నోరు ఏది, చెవి ఏది?" అని అడిగారు.

టంకం కర్ర వేడెక్కుతోంది. ప్రోబులు నేను పట్టుకున్నాను.